అనుమానం ఉందని విత్తన వరి సొమ్ము ఆపవచ్చా?

ఎల్కతుర్తి రైతు అడిగిన ప్రశ్న

పెద్దలకు నమస్కారం. గత యాసంగిలో మూడెకరాల్లో ఒక సంస్థకు హైబ్రిడ్ వరి విత్తనం పండించి ఇచ్చాను. కోతకు ముందు సంస్థ మనిషి మడి చూసి 30 క్వింటాళ్లు వస్తుందని తన పుస్తకంలో రాసుకున్నాడు. ఎండబెట్టి, తూర్పారబట్టి నేను అప్పగించింది 24 క్వింటాళ్లు. మిగిలిన ఆరు క్వింటాళ్లు బయట అమ్ముకున్నానని అనుమానంగా ఉందంటూ లేఖ పంపి, ఇప్పుడు మొత్తం సొమ్మును ఆపివేశారు. ఒప్పంద పత్రంలోని పద్నాలుగో షరతు ప్రకారం ఉల్లంఘన అంటే షరతు తప్పడం, లేదా తప్పినట్లు సంస్థ అనుమానించడం. అప్పుడు సొమ్ము ఆపడమే కాక రెండు లక్షల జరిమానా కూడా వసూలు చేసుకోవచ్చట, సంస్థ నిర్ణయమే అంతిమమట. సంతకం పెట్టిన రోజు, సంస్థకూ రైతులకూ మధ్యవర్తిగా ఉండే ఆర్గనైజర్ నాకు చివరి పేజీ ఒక్కటే తెరిచి చూపించాడు. 'పొరపాటు జరిగింది, మన్నించండి' అని కాగితం రాసిస్తే సగం సొమ్మయినా ఇప్పిస్తానని ఆయనే అంటున్నాడు. రాసివ్వమంటారా?

హనుమకొండ న్యాయవాది

ఆ కాగితం మాత్రం రాసివ్వకండి. మీ వివాదమంతా దాని మీదే ఆధారపడి ఉంది.

కర్ణాటక ప్రభుత్వానికీ తీర్థహళ్లిలోని శ్రీ రామేశ్వర రైస్ మిల్స్‌కూ మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1987లో ఇలాంటి ప్రశ్నకే జవాబు చెప్పింది. నష్టాన్ని లెక్కగట్టి వసూలు చేసుకునే అధికారం ఒప్పందంలో ఒక పక్షానికి ఉన్నప్పటికీ, ఉల్లంఘనను అవతలివారు ఒప్పుకున్నప్పుడు, లేదా దాని మీద వివాదమే లేనప్పుడు మాత్రమే ఆ అధికారం పనిచేస్తుందనీ, వివాదం ఉన్నచోట తన తగవుకు తానే తీర్పరిగా కూర్చోవడం కుదరదనీ ఆ తీర్పు సారాంశం. అందుచేత మీరు 'పొరపాటు' అని రాసిచ్చిన మరుక్షణం, వారి దగ్గర అనుమానంగా ఉన్నది మీరు ఒప్పుకున్న ఉల్లంఘనగా మారిపోతుంది.

ఇక జరిమానా సంగతి. 1872 నాటి ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం పత్రంలో రాసుకున్న మొత్తం పైహద్దు మాత్రమే, ఆ లోపల న్యాయమైన పరిహారం ఎంతో కోర్టు తేలుస్తుంది. ఉల్లంఘన జరిగిందని రుజువు చేయవలసిన భారం ఆరోపించినవారిదే. అప్పగించిన 24 క్వింటాళ్ల విషయంలో తగాదా ఏమీ లేదు కనుక, దాని ధరను ఇప్పుడే చెల్లించమని విడిగా కోరండి.

జమ్మికుంట, పాత ఫీల్డ్ సూపర్‌వైజర్

నేను ఇరవై ఏళ్లు సంస్థల తరఫునే తిరిగాను కాబట్టి అటువైపు మాట కూడా చెప్పాలి. విత్తనం దారి మళ్లడం కల్పితమేమీ కాదు. రాత్రికి రాత్రి కల్లం నుంచే బస్తాలు కదిలిపోయిన సందర్భాలు నేనే చూశాను. విచారణ జరిగేంతవరకు కొంత సొమ్మును ఆపుకొనే షరతు ఉండడంలో నాకు తప్పు కనిపించదు. అయితే దేన్నిబట్టి అనుమానించారో, ఎన్ని రోజుల్లో తేలుస్తారో, ఎంత సొమ్ము ఆపుతారో చెప్పని షరతు విచారణ కోసం రాసుకున్నది కాదు, రైతును లొంగదీయడానికి రాసుకున్నది.

ఆ 30 ఎలా వచ్చిందో ముందు అడగండి. కోతకు ముందు మేము వేసేది కంటి లెక్క, అది పచ్చి గింజ మీద వేసేది. 20 శాతం తేమతో ఉన్న 30 క్వింటాళ్లను విత్తనానికి కావలసిన 13 శాతానికి ఎండబెడితే మిగిలేది దాదాపు ఇరవై ఏడున్నర. అంటే దొంగ ఎవరూ లేకుండానే రెండున్నర క్వింటాళ్లు ఎండలో కలిసిపోయాయి. ఇక తాలు సంగతి: ఆడ వరుసలు పక్కనున్న మగ వరుసల పుప్పొడి మీదే ఆధారపడతాయి కాబట్టి, పుప్పొడి రాలేలా మగ వరుసల మీద తాళ్లు లాగే రోజుల్లో వాన పడినా, రెండు వరుసలూ ఒకేసారి పూతకు రాకపోయినా గింజ నిండదు. తాలు పోయాక 24 మిగిలిందంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు.

ఎల్కతుర్తి రైతు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ పుస్తకంలో తేమ శాతం గడి ఖాళీగా ఉంది, నేను ఫొటో తీసుకున్నాను. తూకం చీటీలు కూడా ఉన్నాయి. కాగితం రాసివ్వనని ఆర్గనైజర్‌కు చెప్పేశాను. అయితే వివాదాలు హైదరాబాద్ కోర్టుల్లోనే తేల్చుకోవాలని మరో షరతు ఉంది. అది చెల్లుతుందా సార్?

హనుమకొండ న్యాయవాది

సంస్థ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంటే సాధారణంగా చెల్లుతుంది. పరిధి ఉన్న కోర్టుల్లో ఒకదాన్ని ఎంచుకోవడానికి పక్షాలకు స్వేచ్ఛ ఉంది, కనుక ఆ ప్రయాణ ఖర్చును లెక్కలో వేసుకోండి. దావాకు మూడేళ్ల గడువు ఉన్నప్పటికీ, లేఖకు జవాబు మాత్రం ఈ వారమే స్పీడ్ పోస్టులో వెళ్లాలి. అమ్మకం ఆరోపణను నిరాకరిస్తూ, ఎవరికి అమ్మానని, ఏ తేదీన, ఏ బండిలో పంపానని మీ అనుమానం అని అడుగుతూ, 30 లెక్క నాటి తేమ శాతం చెప్పమని కోరండి. తూకం చీటీల నకళ్లు జత చేసి, అసలు చీటీలు మీ దగ్గరే ఉంచుకోండి.