ఎక్స్‌జెడ్ బ్యాక్‌డోర్: మన సర్వర్ సేఫేనా?

బ్రాడీపేట లినక్స్ (గుంటూరు):
అన్నా, మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టుకి బిల్లింగ్ సర్వర్ నేనే చూస్తా, ఉబుంటూ 24.04. ఫైళ్లు కుదించే లినక్స్ టూల్ ఎక్స్‌జెడ్‌లో ఎవడో బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టిన గొడవ చదివాక దాని ప్యాకేజీ చూస్తే 5.6.1 అని, ఆ చెడ్డ వెర్షన్ నెంబరే కనిపిస్తోంది, గుండె ఆగినంత పనైంది. అసలు కోడ్ అందరికీ కనపడేదే కదా, అంతదాకా ఎలా వెళ్లింది?

బెంజి సర్కిల్ అడ్మిన్:
కనపడే చోట పెడితే కదా తమ్ముడూ దొరికేది. జియా టాన్ అనే పేరుతో ఒకడు రెండేళ్లకి పైగా బుద్ధిగా ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపాడు, ఈలోపు ఇంకేవో అకౌంట్లు వచ్చి లేటు లేటు అని ఎక్స్‌జెడ్‌ని చూసుకునే మెయింటెయినర్‌ని సతాయించాయి, పాపం ఆయన జీతంభత్యం లేకుండా ఒక్కడే లాక్కొస్తున్నాడు, చివరికి రిలీజులు వీడి చేతికొచ్చాయి. విషం టెస్ట్ ఫైళ్లలో దాచాడు, దాన్ని బిల్డ్‌లో (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చేటప్పుడు) కలిపే స్క్రిప్టు అందరూ కోడ్ చూసే గిట్‌లో లేదు, విడుదల చేసిన 5.6.0, 5.6.1 టార్‌బాల్స్‌లోనే (కోడ్ మూటల్లోనే) ఉంది. ఆ మెయింటెయినర్‌ని తిట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుద్ది.

పటమట నుంచి:
పట్టుకుంది ఆండ్రెస్ ఫ్రాయిండ్, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను లేటవుతుంటే వదలకుండా తవ్వి 2024 మార్చి 29న బయటపెట్టాడు, ఆయనకి దండం పెట్టాలి. నీ 5.6.1 పక్కనే రియల్లీ 5.4.5 అని ఉంటది చూడు, అంటే లోపల పాత కోడే, నెంబరు వెనక్కి పోకూడదని అలా పెట్టారు. అయినా ఎస్ఎస్‌హెచ్ పోర్టు ఊరందరికీ తెరిచి పెట్టకు.

బ్రాడీపేట లినక్స్:
అవునన్నా, రియల్లీ అనే ఉంది. పోర్టు ఇప్పుడే మూస్తున్నా.