సెక్యూరిటీ ప్లస్ పరీక్ష ఫీజుకి స్కాలర్‌షిప్ దొరికే దారి ఉందా?

మాది కావలి. నెల్లూరులో బీటెక్ సైబర్ సెక్యూరిటీ చివరి ఏడాది. కాలేజీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో వస్తోంది, దాంతో ఇబ్బంది లేదు. టెన్షనంతా కాంప్‌టియా అనే సంస్థ పెట్టే సైబర్ సెక్యూరిటీ సర్టిఫికెట్ పరీక్ష, సెక్యూరిటీ ప్లస్ (ఎస్‌వై0-701) వోచర్ (ముందే డబ్బు కట్టి కొనే పరీక్ష కోడ్) గురించే. డిసెంబర్‌లోగా రాయాలి, అంత డబ్బు ఒక్కసారిగా ఇంట్లో అడగలేను.

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నాకు వర్తించేవన్నీ చూశాను. అవి డిగ్రీ చదువుకే, విడి సర్టిఫికెట్ పరీక్షకి పనికిరావు. ఎక్కడ వెతికినా ముందు కనిపించే అమెరికా సైబర్‌కార్ప్స్ స్కాలర్‌షిప్‌కి అక్కడి పౌరసత్వమో, శాశ్వత నివాసమో ఉండాలి. కాంప్‌టియా వాళ్ల విద్యార్థి రాయితీకి కాలేజీ ఈమెయిల్ కావాలన్నారు. మా కాలేజీలో లెక్చరర్లు కూడా జీమెయిలే వాడతారు, ఇక మాకెక్కడిది! బోనఫైడ్ పంపితే జవాబు లేదు. ఐఎస్‌సీ2 అనే మరో సంస్థ ఇచ్చే ప్రారంభ స్థాయి సర్టిఫికెట్ సీసీ గురించి కూడా ఆలోచించాను కానీ, పాసయ్యాక ఏటా 50 డాలర్లు కట్టాలి.

ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు, మార్కుల మెమోలు సిద్ధంగా ఉన్నాయి. చదువుతున్నవాళ్లయినా, ఈ ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తున్నవాళ్లయినా, ఇండియాలో ఉంటూనే ఈ పరీక్ష ఫీజుకి స్కాలర్‌షిప్ గానీ వోచర్ గానీ నిజంగా అందుకున్నవాళ్లున్నారా? ఉంటే ఏ పథకం కింద వచ్చింది?