ఇంగ్లిష్ ‘బై’ని తెలుగులో ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న: ‘బై’ అంటే ‘చేత’ అని బళ్ళో నేర్పారు. మరి ‘బై ఫ్రైడే’, ‘బై బస్’, ‘బై టెన్ రుపీస్’ సంగతేంటి? ‘అంటిల్’తో తేడా ఏమిటండీ?

జవాబు 1: గడువు చెప్పే ‘బై’కి సరైన జోడీ ‘-కల్లా’. ‘సబ్మిట్ ఇట్ బై ఫ్రైడే’ అంటే శుక్రవారానికల్లా ఇవ్వాలి. ముందే ఇచ్చినా సరే, శుక్రవారం ఇచ్చినా సరే. ‘లోపు’ అనుకుంటే శుక్రవారం కలుస్తుందా లేదా అని తికమక. ‘అంటిల్’ అంటే ‘దాకా’, అంటే పని సాగుతూనే ఉండాలి. అందుకే ‘ఐ విల్ వెయిట్ బై సిక్స్’ తప్పు, ‘అంటిల్ సిక్స్’ అనాలి.

జవాబు 2: డబ్బు దగ్గర జాగ్రత్త. 50 రూపాయల సరుకు ‘ఫెల్ బై టెన్’ అంటే ఇప్పుడు 40. ‘ఫెల్ టు టెన్’ అంటే 10కే వస్తోంది!

వాహనానికి ముందు ‘మై’, ‘ద’ లాంటివి వస్తే ‘బై’ పోతుంది: ‘బై కార్’, కానీ ‘ఇన్ మై కార్’. మనవాళ్ళు తెగ వాడే ‘బై వాక్’ బదులు ‘ఆన్ ఫుట్’ అనండి.

జవాబు 3: ‘చేత’ కర్తకే. పనిముట్టుకు ‘విత్’: ‘కట్ బై ద టైలర్ విత్ సిజర్స్’. ‘బై’ తర్వాత ‘-ఇంగ్’ వస్తే ‘ద్వారా’ అక్కర్లేదు. ‘బై ప్రెసింగ్ ద బటన్’ అంటే ‘బటన్ నొక్కి’, అంతే.