ర్యాపో పెడితే తప్పెలా అవుతుంది? (ఇంగ్లిష్ పర్యాయపదాల గొడవ)

గ్రూప్స్ అభ్యర్థి:
మాక్ టెస్టులో 'హార్మనీ'కి దగ్గరి పదం అడిగారు. ఆప్షన్లలో కాంకర్డ్, ర్యాపో రెండూ ఉన్నాయి. కీలో కాంకర్డ్ ఇచ్చారు. మా రూములో ముగ్గురం ర్యాపో పెట్టాం. యాప్‌లో చూస్తే రెండింటికీ సామరస్యం అనే అర్థం. అభ్యంతరం పెట్టొచ్చా?

చాక్‌పీస్ మేడమ్:
పెట్టినా నిలవదు బాబూ. ర్యాపో మనిషికీ మనిషికీ మధ్య కుదిరేది. డాక్టరుకీ రోగికీ, టీచరుకీ క్లాసుకీ కుదురుతుంది. కమ్యూనల్ హార్మనీ అంటారు గానీ కమ్యూనల్ ర్యాపో అనడం ఎక్కడైనా విన్నావా? కాంకర్డ్ అంటే తగువు లేని స్థితి, డిస్కార్డ్‌కి వ్యతిరేకం. రెండూ లాటిన్‌లో హృదయం అనే మాట నుంచి వచ్చినవే. హార్మనీలో మాత్రం తేడాలు తేడాలుగానే ఉంటాయి. అందరూ ఒకే స్వరం పాడితే అది యూనిసన్ అవుతుంది, హార్మనీ కాదు.

పాత సబ్ ఎడిటర్:
మేడమ్, ఈ గీతలన్నీ పరీక్ష పేపర్లలోనే. 1972లో సిమ్లా అగ్రిమెంట్, 1985లో అస్సాం అకార్డ్. తేడా ఏంటో చెప్పండి. 2015 పారిస్ ఒప్పందం అధికారిక పేరులో అగ్రిమెంట్ అనే ఉంది, అయినా చాలా పత్రికలు అకార్డ్ అని రాశాయి. మేం డెస్కులో అన్నింటికీ 'ఒప్పందం' అని పెట్టి పేజీ పంపేసేవాళ్లం. ఏ పాఠకుడూ ఫోన్ చేయలేదు.

చాక్‌పీస్ మేడమ్:
అకార్డ్, అగ్రిమెంట్ వరకూ మీ మాట ఒప్పుకుంటానండీ. సంతకం పెట్టాక ఏ పేరైనా ఒకటే. కానీ ఆంతాంత్ సంగతేంటి? 1904 ఏప్రిల్ 8న బ్రిటన్, ఫ్రాన్స్ ఈజిప్టు, మొరాకో తగాదాలు తేల్చుకున్నాయి. ఒకరిపై దాడి జరిగితే రెండోవాళ్లు సైన్యం పంపాలన్న షరతు అందులో లేదు. అందుకే దానికి ఎలయన్స్ అని కాకుండా ఆంతాంత్, అంటే అవగాహన, అనే పేరు నిలిచింది. 1914లో యుద్ధం ముంచుకొచ్చినప్పుడు ఫ్రాన్స్ పక్షాన దిగాలా వద్దా అని లండన్‌లో మంత్రులు తర్జనభర్జన పడ్డారంటే కారణం ఆ తేడానే. డెస్కులో అయితే రెండూ 'ఒప్పందం' అయ్యేవి కదా!

రన్‌వే రాజు:
విమానాలవాణ్ని, మధ్యలో దూరుతున్నా. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి తయారుచేసిన కాంకర్డ్ విమానం పేరుకే తగువు నడిచింది. ఫ్రెంచివాళ్లు చివర 'ఇ' ఉండాలన్నారు, బ్రిటన్ ప్రధాని మాక్‌మిలన్ తీసేయించాడు. 1967లో మంత్రి టోనీ బెన్ మళ్లీ పెట్టించి, ఆ అక్షరం ఎక్సలెన్స్, ఇంగ్లండ్, యూరప్, ఆంతాంత్‌లకు గుర్తు అని సర్దిచెప్పాడు. సఖ్యత అనే మాటకి స్పెల్లింగ్ దగ్గరే సఖ్యత లేదు!

కృష్ణా తీరం:
1956 పెద్దమనుషుల ఒప్పందం కూడా అగ్రిమెంటే. ఎంత హార్మనీ వచ్చిందో చూశాం.

పాత సబ్ ఎడిటర్:
అటు పోవద్దు తమ్ముడూ, ఈ థ్రెడ్ కూడా మూతపడుతుంది. మేడమ్, ఆంతాంత్ విషయంలో మీదే పైచేయి. మిగతా వాటిలో నా మాట మీదే ఉన్నా. వాక్యం ఇవ్వకుండా పర్యాయపదం అడగడమే తప్పు. 'బిల్డ్' పక్కన ర్యాపో కుదురుతుంది, 'సైన్' పక్కన అకార్డ్ కుదురుతుంది. ఒంటరి పదానికి కీ ఏంటి?

గ్రూప్స్ అభ్యర్థి:
అభ్యంతరాలకి రేపు సాయంత్రం వరకే టైమ్. కమ్యూనల్ ర్యాపో అన్న మాటతో నేను ఆగిపోయాను. మా రూమ్మేట్ మాత్రం సబ్ ఎడిటర్ గారి పాయింట్ పెట్టి మెయిల్ కొట్టేశాడు.