అప్‌డేట్: మిద్దె మీది గీజర్ నీళ్లు కాగకపోవడానికి కారణం దొరికింది

చిత్తూరులో మా మిద్దె మీది 2000 వాట్ల గీజర్ ఆలస్యంగా కాగుతోంది, వైరు సన్నమా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే గీజర్ ఆన్‌లో ఉండగా వోల్టేజీ చూపించాం. మీటరు దగ్గర 230, గీజర్ దగ్గర 212. ఆఫ్‌లో రెండు చోట్లా 230 చూపిస్తుంది. కరెంటు పారకపోతే డ్రాప్ (దారిలో వోల్టేజీ తగ్గడం) ఎక్కడిది?

గీజర్ రెసిస్టెన్స్ 230 × 230 ÷ 2000 = 26.45 ఓమ్‌లు. కరెంటు 212 ÷ 26.45, అంటే 8 ఆంపియర్లు. పవరు 1700 వాట్లే.

పాత వైరు 1 చదరపు మి.మీ. రాగిది, పోనూరానూ 60 మీటర్లు. మీటరు పొడవుకు 0.0172 ఓమ్‌లు: 0.0172 × 60 = 1.03 ఓమ్‌లు. అది తినేది 8 వోల్టులే. మిగతా 10 వోల్టులు? మెట్ల దగ్గర టేపు చుట్టిన జాయింటు! అక్కడే దాదాపు 80 వాట్ల వేడి. టేపు కరిగి నల్లబడింది. వోల్టేజీ చూడటమే మేలు; ఇంత చిన్న రెసిస్టెన్స్‌ను మల్టీమీటరుతో నేరుగా ఓమ్‌లలో కొలిస్తే నమ్మలేం, ప్రోబ్ వైర్లదే కొంత కలుస్తుంది.

మెయిన్ ఆపి, జాయింటు లేకుండా 2.5 చదరపు మి.మీ. వైరు లాగించాం. ఇప్పుడు గీజర్ దగ్గర 226, పవరు 1930 వాట్లు.