షేక్‌స్పియర్ దగ్గర ‘నువ్వు’, ‘మీరు’

ప్రశ్న: ఇంగ్లిష్‌లో చిన్నాపెద్దా అందరికీ ఒకటే ‘యూ’ కదా. మరి షేక్‌స్పియర్ నాటకాల్లో వచ్చే ‘దౌ’ ఏమిటి? ప్రార్థనల్లో దేవుణ్ని అలా పిలుస్తారు కాబట్టి అది గౌరవవాచకమేనా?

జవాబు: సరిగ్గా తలకిందులు. ‘దౌ’ అంటే నువ్వు, ‘యూ’ అంటే మీరు. మన ‘మీరు’ లాగే ‘యూ’ కూడా మొదట బహువచనం. మర్యాద కోసం ఒక్క మనిషికీ వాడటం మొదలైంది. పోనుపోను అందరూ అందరినీ మన్నించుకోవడంతో ‘దౌ’ మూలపడింది. దేవుడి విషయమంటారా, మనం మాత్రం రాముణ్ని ‘మీరు’ అంటామా?

షేక్‌స్పియర్ కాలానికి రెండూ వాడుకలో ఉన్నాయి. 1603లో నావికుడు, కవి వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు, ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ నిండు కోర్టులో ‘నిన్ను నువ్వనే అంటాను, ద్రోహీ’ అని విరుచుకుపడ్డాడు. అంతకు కొంచెం ముందే వచ్చిన ‘ట్వెల్ఫ్త్ నైట్’లో సర్ టోబీ తన స్నేహితుడి చేత ద్వంద్వయుద్ధానికి సవాలు ఉత్తరం రాయిస్తూ, ఓ మూడుసార్లు ‘దౌ’ అని తగిలించినా తప్పులేదని సలహా ఇస్తాడు. తిట్టక్కర్లేదు, ఆ పిలుపే చాలు.

దీని పనితనం చూడాలంటే ‘హామ్లెట్’ మూడో అంకం, నాలుగో రంగం తీయండి. తండ్రిని చంపినవాణ్నే తల్లి పెళ్లాడింది. ఆమె అంటుంది: ‘హామ్లెట్, నువ్వు మీ నాన్నని చాలా నొప్పించావు.’ అంటే సవతి తండ్రిని. కొడుకు అదే వాక్యాన్ని తిప్పికొడతాడు: ‘అమ్మా, మీరు మా నాన్నని చాలా నొప్పించారు.’ అంటే చచ్చిపోయిన తండ్రిని. ఆ దెబ్బకి తల్లి కూడా ‘మీరు’లోకి మారుతుంది. మన ఇళ్లలో కోపమొస్తే అమ్మ ‘అయ్యగారు ఇప్పుడు లేచారా’ అంటుందే, ఆ ధోరణి. కాసేపటికి కొడుకు వాలకం చూసి హడలిపోయి, ‘ఏం చేస్తావు? నన్ను చంపవు కదా?’ అని మళ్లీ ‘నువ్వు’లోకి వచ్చేస్తుంది. కొద్ది మాటల్లోనే ఇన్ని మలుపులు, అదీ ఒక్క సర్వనామంతో. ఇవాళ్టి ఇంగ్లిష్ పాఠకుడికి నోట్సు పెట్టి చెప్పాల్సిన సంగతి తెలుగువాడికి చెవికే తెలుస్తుంది.

ప్రశ్న: షేక్‌స్పియర్ పదిహేడు వందల కొత్త మాటలు పుట్టించాడంటారు, నిజమేనా?

జవాబు: ఆ లెక్క నేను నమ్మను. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కోసం పాత పుస్తకాలు గాలించినవాళ్లు ఆయన నాటకాలను మిగతావాటికంటే శ్రద్ధగా చదివారు. అందుకే చాలా మాటలకి మొదటి ఉదాహరణ ఆయన దగ్గరే దొరికింది. పాత పుస్తకాలు కంప్యూటర్లలోకి ఎక్కాక వాటిలో కొన్ని అంతకు ముందే కనిపించాయి. ‘మెరిసేదంతా బంగారం కాదు’ అన్నది కూడా ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’కి ముందే ఉన్న సామెత. అసలు స్ట్రాట్‌ఫర్డ్‌లో చేతితొడుగులు కుట్టేవాడి కొడుకు షేక్‌స్పియర్, విశ్వవిద్యాలయం మొహం చూడనివాడు. లండన్‌లో నటుడిగా, నాటక సమాజంలో వాటాదారుగా బతికాడు. టికెట్ కొన్న జనానికి అర్థం కాని మాటలు రాస్తే సాగుతుందా? ఏమీ అర్థం కాలేదనడానికి ఇంగ్లిష్‌లో వాడే ‘నాకది గ్రీకు’ అన్నది చూడండి. ‘జూలియస్ సీజర్’లో రోమన్ వక్త సిసిరో ఏమన్నాడని అడిగితే కాస్కా చెప్పే జవాబు అది. సిసిరో నిజంగానే గ్రీకులో మాట్లాడాడు మరి!

అన్నట్టు, ఆయన పోయిన ఏడేళ్లకి, 1623లో, తోటి నటులు ఇద్దరు పూనుకుని 36 నాటకాలు ఒక్క సంపుటంగా వేయించారు. అందులో సగం అంతవరకు అచ్చు కానేలేదు. ‘జూలియస్ సీజర్’, ‘ట్వెల్ఫ్త్ నైట్’ రెండూ ఆ సగంలోవే.

ప్రశ్న: మరి హామ్లెట్ తల్లితో అన్న మాటని తెలుగులో ‘మీరు’ అనే పెట్టాలా?

జవాబు: పైన తేడా చూపడానికి పెట్టాను గానీ, అనువాదంలో నేనైతే పెట్టను. అప్పటి పెద్దింటి పిల్లలు తల్లిని ‘యూ’ అనడం మామూలే. మనవైపు చాలా ఇళ్లలో అమ్మ ‘నువ్వే’. పైగా తల్లి ‘మీరు’లోకి మారడమే ఆ రంగానికి ప్రాణం. కొడుకు చేత ముందే ‘మీరు’ అనిపిస్తే ఆమె మార్పు తేలిపోతుంది.