కుక్కని "తుత్త" అంటోంది, నాలుక కోయించాలా?

ఖమ్మం అమ్మ:
పాపకి నాలుగేళ్ల ఏడు నెలలు. క బదులు త, గ బదులు ద వస్తుంది. కాకి తాతి, గాజులు దాజులు, మా ఊరేమో తమ్మం. ఇంట్లో మాకు అలవాటైపోయి అర్థమవుతుంది కానీ ఎల్‌కేజీ టీచర్‌కి సగం కూడా తెలియట్లేదట, పిల్లలు వెక్కిరిస్తుంటే క్లాసులో నోరు విప్పడమే తగ్గించేసింది. మా అత్తయ్య వస అరగదీసి నాకించమంటారు, మా ఆయనకి కూడా ఐదేళ్లకి గానీ మాట తిరగలేదట. ఒక డాక్టర్ గారు చూసి నాలుక కింద పొర పొట్టిగా ఉంది, కోయిస్తే సరిపోతుందన్నారు. మొన్న సరదాకి నేనే "తుత్త వచ్చింది" అంటే కోపంగా "తుత్త తాదు, తుత్త!" అని నన్నే సరిచేసింది. ఏం చేయాలో చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ఇద్దరు పిల్లల నాన్న:
కోయించే ముందు చెవులు చూపించండి. మా రెండోవాడికి ఒక సెంటర్‌లో నాలుగు నెలలు బెలూన్లు ఊదించారు, ఈలలు ఊదించారు. ఈల బ్రహ్మాండంగా వచ్చింది, మాట మాత్రం అలాగే ఉంది. తర్వాత ఇంకో చోట వినికిడి పరీక్ష చేస్తే మాటిమాటికీ జలుబు చేసి కర్ణభేరి వెనక నీరు చేరిందని తేలింది. మనం పిలిస్తే పలికేవాడు కాబట్టి అనుమానమే రాలేదు.

స్పీచ్ థెరపిస్ట్‌ని:
పైన చెప్పింది నిజం, మొదటి పని చెవుల పరీక్షే. ఊదే కసరత్తులతో మాట స్పష్టమవుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

నాలుక విషయానికొస్తే, అద్దం ముందు నిలబడి త అనండి, తర్వాత క అనండి. త కి నాలుక కొన పళ్లకి తగులుతుంది, క కి కొన ఊరికే ఉంటుంది, నాలుక వెనక భాగం అంగిలి వైపు లేస్తుంది. ఆ పొర పట్టి ఉంచేది ముందు భాగాన్ని. మీ పాప కొనతో పలికే త, ద బాగానే పలుకుతోంది కదా, మరి అది కోస్తే వెనక నుంచి రావాల్సిన క ఎలా వస్తుంది? వస కూడా వద్దు, పెద్దవాళ్లని నొప్పించకుండా పక్కన పెట్టేయండి.

ర అయితే ఇంకా ఆగవచ్చు అనేదాన్ని, అది ఆలస్యంగానే వస్తుంది. క అలా కాదు, చాలామంది పిల్లలకి మూడున్నర ఏళ్లకల్లా సర్దుకుంటుంది. పైగా నాలుగేళ్లు దాటాక కొత్తవాళ్లకి కూడా మాట చాలావరకు అర్థం కావాలి.

మాట పరీక్షలో బొమ్మలు చూపించి పేర్లు చెప్పిస్తాం, క మాట మొదట్లో పోతోందా, మధ్యలోనా, ఒకే మాట మూడుసార్లు అడిగితే ఒకేలా అంటోందా చూస్తాం. ప్రతిసారీ వేరేలా అంటే, అచ్చులు కూడా తారుమారైతే, మాట ముక్కులోంచి వస్తే అది వేరే దారి. మీరు చెప్పినదాంట్లో అలాంటిదేం కనపడలేదు. మీ మీద కోప్పడిందన్నారే, అది మంచి గుర్తు: తేడా తన చెవికి తెలుస్తోందన్నమాట.

థెరపీ చాలావరకు ఆటే. కోట, తోట బొమ్మలు రెండూ పెట్టి "కోట ఇవ్వు" అని తననే అడగమంటాం. తోట అంటే తోటే ఇస్తాం, మాట మారితే వస్తువు మారిపోతుందని అప్పుడు తనకే అర్థమవుతుంది. క అసలే రాకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, పుక్కిలించినట్టు గరగరలాడించి, లేదా ఐస్‌క్రీమ్ పుల్లతో నాలుక కొనని మెల్లగా కిందికి పట్టి రప్పిస్తాం. ఆ పుల్ల పని మాత్రం మీరు ఇంట్లో చేయకండి. ఇంట్లో "సరిగ్గా అను, మళ్లీ అను" అని వెంటపడొద్దు. "తుత్త వచ్చింది" అంటే "అవును, కుక్క వచ్చింది, నల్ల కుక్క" అనండి, చాలు.

జిల్లా ప్రభుత్వాసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందుగా గుర్తించి చూసే కేంద్రం) ఉందేమో కనుక్కోండి, అక్కడ ఉచితం. హైదరాబాద్ రాగలిగితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాలకి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ప్రైవేట్ అయితే థెరపిస్ట్‌కి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి.

ఖమ్మం అమ్మ:
చాలా థాంక్స్ అండి. మాది ఇంగ్లీష్ మీడియం, ఇంట్లో తెలుగు మానేయమని టీచర్ అన్నారు, అది కూడా చేయాలా?

స్పీచ్ థెరపిస్ట్‌ని:
అస్సలు వద్దు. క రానివాళ్లకి క్యాట్ కూడా త్యాటే అవుతుంది.

ఖమ్మం అమ్మ:
అదే అంటోందండి. సోమవారం చెవుల పరీక్షకి వెళ్తున్నాం.